పండ్లు, నట్స్‌తో వంట: సంతానం కోసం ప్రయత్నిస్తూ షుగర్ కూడా చూసుకునేవాళ్లకి ఏ పద్ధతి నప్పుతుంది?

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారు, ఈలోగా ఒకరికి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల తప్పే సమస్య) అనో, షుగర్ బోర్డర్‌లో ఉందనో రిపోర్టు వచ్చింది. ఇక సలహాలు మొదలు. ఒకరు రోజూ ఖర్జూరాలు తినమంటారు, ఇంకొకరు అసలు పండ్ల జోలికే పోవద్దంటారు, మరొకరు పొద్దున్నే ఒక స్మూతీ తాగితే అన్నీ సర్దుకుంటాయంటారు. అందరూ మాట్లాడేది అవే పండ్లు, అవే నట్స్. తేడా వస్తున్నది వాటిని మనం ఏం చేసి తింటున్నామన్న దగ్గర. ఒక యాపిల్‌ని కొరుక్కు తినొచ్చు, మిక్సీలో వేయొచ్చు, రసం పిండొచ్చు, ఎండబెట్టొచ్చు, కేకులో కలపొచ్చు. ఒంట్లోకి వెళ్లాక ఇవన్నీ ఒకలా నడవవు.

ముందే చెప్పేస్తాను, ఏ పండూ ఏ గింజా గర్భం తెప్పించదు. పైనాపిల్ మధ్యలో ఉండే గట్టి భాగం తింటే పిండం గర్భాశయంలో బాగా అంటుకుంటుందని తెగ ప్రచారం ఉంది, దానికి ఆధారమేమీ లేదు. తిండి చేయగలిగిన పని చిన్నదే, కానీ నిజమైనది: ఇన్సులిన్‌ని అదుపులో పెట్టడం, బరువు, వీర్యకణాల నాణ్యత. ఆ మూడింటినీ దృష్టిలో పెట్టుకునే ఇక్కడ పోలుస్తున్నాను.

## దేన్ని బట్టి పోల్చాలి?

అన్నిటికంటే ముందు చూడాల్సింది పండు ఏ రూపంలో ఉందన్నది. 1977లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం వచ్చింది. పది మందికి యాపిల్‌ని మూడు రకాలుగా ఇచ్చారు: మొత్తంగా, గుజ్జుగా, పీచు తీసేసిన రసంగా. మూడింటిలోనూ పిండిపదార్థం 60 గ్రాములే. రసం తాగడం, పండు నమిలి తినడం కంటే 11 రెట్లు త్వరగా అయిపోయింది. రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువ పెరిగింది, ఆ తర్వాత షుగర్ ఒక్కసారిగా కిందికి పడింది కూడా. గుజ్జుతో ఆ పడిపోవడం కొంత తక్కువ. పండు నమిలి తిన్నప్పుడు అది కనిపించలేదు. పది మందితో చేసిన పాత ప్రయోగమే, కాదనను, కానీ తర్వాత చాలామందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలూ అదే వైపు చూపించాయి. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన దాంట్లో బ్లూబెర్రీ, ద్రాక్ష, యాపిల్ లాంటి పండ్లు ఎక్కువ తినేవాళ్లకి టైప్ 2 డయాబెటిస్ ముప్పు తక్కువగా, పండ్ల రసం ఎక్కువ తాగేవాళ్లకి కాస్త ఎక్కువగా కనిపించింది.

రెండోది, ఇది చాలామంది వదిలేసేది: దేని బదులు తింటున్నారు? రోజువారీ తిండి అంతా అలాగే ఉంచి పైన గుప్పెడు బాదం వేసుకుంటే అది అదనపు కేలరీలు, అంతే. 2011లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చిన ట్రయల్‌లో టైప్ 2 ఉన్నవాళ్లకి మూడు నెలల పాటు రోజుకి సుమారు 75 గ్రాముల నట్స్ ఇచ్చారు, పోల్చి చూసింది మఫిన్లు తిన్నవాళ్లతో. నట్స్ తిన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ, అంటే కొన్ని నెలల సగటు షుగర్ చూపించే రక్తపరీక్ష, 0.2 శాతం దాకా తగ్గింది. ఇందులో నట్స్ గొప్పతనం ఎంతో, మఫిన్లు మానేసిన ఫలితం ఎంతో విడదీయడం కష్టం, నా ఉద్దేశంలో విడదీయక్కర్లేదు కూడా. మీ ప్లేట్‌లోంచి ఏది బయటికి వెళ్లిందో రాసుకోండి. ఏదీ వెళ్లలేదంటే ఈ వంట వల్ల పెద్దగా ఒరిగేది లేదు.

మూడోది, ఎవరి కోసం వండుతున్నారు. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, దాంతో ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది, అది అండాశయాల్లో మగ హార్మోన్లని పెంచుతుంది, అండం విడుదల తప్పుతుంది. అక్కడ షుగర్ ఒక్కసారిగా ఎగరకుండా చూడటమే మన పని. మగవాళ్ల లెక్క వేరు, దాని గురించి కింద చెప్తాను.

ఇక ఆఖరిది ఓపిక. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, అది బయటికొచ్చే దారి కూడా కలుపుకుంటే మూడు నెలలు. హెచ్‌బీఏ1సీ కూడా రెండు మూడు నెలల సగటే. అంటే వారంలో ఆరిపోయే ఉత్సాహంతో చేసే ఫ్యాన్సీ వంటకాల కంటే మూడు నెలలు విసుగు పుట్టకుండా చేయగలిగేది మేలు.

## ముందు సరుకులు

పండ్లలో చక్కెర, పీచు 100 గ్రాములకి దాదాపుగా ఇలా ఉంటాయి:

| పండు | చక్కెర (గ్రా.) | పీచు (గ్రా.) |
|---|---|---|
| అవకాడో | 0.7 | 6.7 |
| ర్యాస్ప్‌బెర్రీ | 4.4 | 6.5 |
| స్ట్రాబెర్రీ | 5 | 2 |
| జామ | 9 | 5.4 |
| ఆరెంజ్ | 9.4 | 2.4 |
| యాపిల్ | 10 | 2.4 |
| పండిన అరటి | 12 | 2.6 |
| దానిమ్మ గింజలు | 14 | 4 |
| మామిడి | 14 | 1.6 |
| ద్రాక్ష | 15.5 | 0.9 |
| ఎండుద్రాక్ష | 60 పైన | 4 |
| మెజూల్ ఖర్జూరం | 66 | 6.7 |

ఎండిన పండ్ల వరుసలు చూశారుగా. చక్కెర కొత్తగా ఎక్కడి నుంచీ రాలేదు, నీళ్లు పోయాయి, అంతే. కానీ ద్రాక్ష ఒక గుత్తి తినేసరికి చాలనిపిస్తుంది, ఎండుద్రాక్ష గుప్పెడు నోట్లో వేసుకుంటే ఇంకో గుప్పెడు కావాలనిపిస్తుంది. రెండు టేబుల్ స్పూన్ల ఎండుద్రాక్షలో ఉన్న పిండిపదార్థం, ఒక చిన్న యాపిల్‌లో ఉన్నది దాదాపు సమానం.

నట్స్ 28 గ్రాములకి, అంటే ఒక చిన్న గుప్పెడుకి:

| నట్ | పిండిపదార్థం (గ్రా.) | పీచు (గ్రా.) | ప్రోటీన్ (గ్రా.) | ప్రత్యేకత |
|---|---|---|---|---|
| బాదం, సుమారు 23 | 6 | 3.5 | 6 | రోజుకి కావాల్సిన విటమిన్ ఇలో దాదాపు సగం |
| వాల్‌నట్, 14 సగాలు | 4 | 2 | 4 | మొక్కల ఒమేగా-3 సుమారు 2.5 గ్రా. |
| పిస్తా, సుమారు 49 | 8 | 3 | 6 | వలుచుకుంటూ తింటే నెమ్మదిస్తారు |
| హేజెల్‌నట్ | 5 | 3 | 4 | విటమిన్ ఇ |
| వేరుశనగ | 5 | 2.4 | 7 | వీటన్నిటిలో ఫోలేట్ (ఒక బి విటమిన్) ఎక్కువ |
| జీడిపప్పు, సుమారు 18 | 9 | 1 | 5 | జింక్, కానీ పీచు తక్కువ |

కేలరీలు అన్నిటికీ 155 నుంచి 185 మధ్యలోనే. జీడిపప్పుని చెడ్డదనను, గ్రేవీ చిక్కబడటానికి దానికి సాటి లేదు, కానీ షుగర్ కోసమే నట్స్ తింటున్నప్పుడు మొదట దాన్ని ఎంచుకోను. బ్రెజిల్ నట్స్ ఈ పట్టికలో పెట్టలేదు, ఎందుకంటే వాటి లెక్కే వేరు: ఒక్క గింజతోనే రోజుకి సరిపడా సెలీనియం అనే ఖనిజం, అంటే 55 మైక్రోగ్రాములు, వచ్చేయొచ్చు. పెద్దవాళ్లకి రోజుకి 400 మైక్రోగ్రాములు దాటకూడదు. కాబట్టి ఒకటి, మహా అయితే రెండు. గుప్పెడు లెక్కన రోజూ తినే గింజ కాదది.

## పద్ధతులు ఒక్కొక్కటిగా

### పండు ముక్కలు, పెరుగు, పైన నట్స్

వండేదేమీ లేదు, అందుకే దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. 100 గ్రాముల స్ట్రాబెర్రీ, 150 గ్రాముల చప్పటి పెరుగు, గుప్పెడు బాదం కలిపితే మొత్తం పిండిపదార్థం 20 గ్రాముల దగ్గరే ఆగుతుంది, ప్రోటీన్, కొవ్వు, పీచు మూడూ దాంతోనే వస్తాయి. పొద్దున బ్రెడ్డూ జామ్ బదులు తింటే తేడా షుగర్ మీటర్‌లోనే కనిపించొచ్చు. ఫ్లేవర్ కలిపిన పెరుగు కొంటే మాత్రం కథ మొదటికొస్తుంది, అందులో చక్కెర ఉంటుంది. నట్స్ పొడి చేయకుండా పెద్ద పలుకులుగా వేయండి, నమలడానికి పని ఉండాలి.

### స్మూతీ

దీని మీద నాకున్న అనుమానం స్మూతీ అనే పదార్థం మీద కాదు, జనం అందులో వేసే వాటి మీద. ఒక అరటిపండు, కప్పు మామిడి ముక్కలు, స్పూన్ తేనె వేస్తే 70 గ్రాముల దాకా పిండిపదార్థం, అదీ రెండు నిమిషాల్లో గొంతు దిగిపోతుంది. ఆ అరటి, మామిడి నమిలి తినమంటే సగంలో ఆపేసేవాళ్లు. బెర్రీల్లాంటి గింజలున్న పండ్లని గింజలతో సహా మిక్సీ వేస్తే షుగర్ అంతగా ఎగరలేదని కొన్ని చిన్న అధ్యయనాల్లో తేలింది, కాబట్టి మిక్సీయే విలన్ అనుకోవడం కూడా తప్పే. తాగాలనుంటే ఒకే పండు, గుప్పెడు నట్స్, పాలో చప్పటి పెరుగో, తేనె సున్నా. వడకట్టొద్దు. గ్లాసు కూడా చిన్నదే.

### ఖర్జూరం, నట్స్ ఉండలు

"షుగర్ ఫ్రీ" అని పేరు పెట్టి అమ్మేవి, ఇంట్లో చేసుకునేవీ ఇవే. చక్కెర వేయలేదన్న మాట నిజమే, అయితే ఒక్క మెజూల్ ఖర్జూరంలో 18 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక్కో ఉండకి ఒక్కో ఖర్జూరం పడితే, రెండు ఉండలు తినేసరికి 36. అటు నట్స్ కొవ్వు, ఖర్జూరం పీచు వల్ల అది రసం తాగినంత వేగంగా ఎక్కదు, కానీ ఎక్కడం మానదు. దీన్ని మంచిదనో చెడ్డదనో ఒక్క మాటలో తేల్చలేం: స్వీటు ముక్క బదులు ఒక ఉండ తింటే లాభం, "ఆరోగ్యానికి మంచిది" అనుకుంటూ భోజనం తర్వాత మూడు తింటే నష్టం. ఖర్జూరం సగానికి తగ్గించి నట్స్ పెంచి, కాస్త దాల్చినచెక్క, చిటికెడు ఉప్పు వేస్తే ఉండ కట్టడం కష్టమవుతుంది, చేతికి అంటుకుంటుంది, రుచి మాత్రం బాగుంటుంది.

### బేక్ చేసిన పండు, బాదం పిండి కేకులు

యాపిల్‌నో బేరి పండునో సగానికి కోసి, మధ్యలో గింజలు తీసి, ఆ గుంటలో తరిగిన వాల్‌నట్స్, దాల్చినచెక్క పొడి పెట్టి మెత్తబడేదాకా బేక్ చేస్తే, తియ్యగా ఏదో తిన్నామన్న తృప్తి వస్తుంది. చక్కెర పెరగదు, విటమిన్ సి కొంత పోతుంది, తొక్క వదిలేయకపోతే పీచు అక్కడే ఉంటుంది. పైన తేనె పోస్తే ఒక్క టేబుల్ స్పూనే 17 గ్రాములు, అక్కడే చాలామంది బోల్తా పడేది.

మైదా బదులు బాదం పిండి వాడే కేకుల్లో లెక్క ఇలా ఉంటుంది: 100 గ్రాముల మైదాలో పిండిపదార్థం 76 గ్రాములు, బాదం పిండిలో 20 దగ్గర. షుగర్‌కి పెద్ద మార్పే. కేలరీలు మాత్రం 360 నుంచి 600 దాకా పెరుగుతాయి. బరువు తగ్గాల్సినవాళ్లకి ఆ ముక్క చిన్నదిగా ఉండాలి, బరువు సమస్య లేని షుగర్ వాళ్లకి ఇది నిజంగా మంచి దారి.

### భోజనంలోనే పండు, నట్స్

నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, జనం తక్కువగా చేసేదీ ఇదే. పండు అంటే తీపి వంటకమే గుర్తొస్తుంది కాబట్టి దాన్ని చివర్లోనో చిరుతిండిలోనో పెడతాం. ఆకుకూరల సలాడ్‌లో ఆరెంజ్ తొనలు, వాల్‌నట్ పలుకులు, ఉడికించిన శనగలు, నిమ్మరసం వేసి చూడండి. పుల్లటి యాపిల్‌ని సన్నగా తరిగి చేపకో పనీర్‌కో పక్కన పెట్టండి. వేయించిన వేరుశనగ, వెల్లుల్లి, నిమ్మరసం, నీళ్లు కలిపి రుబ్బిన సాస్‌ని ఉడికిన కూరగాయల మీద పోయండి. ఇక్కడ పండు పులుపు, రుచి కోసం కాస్త పడుతుంది, 50 గ్రాములు దాటదు. నట్స్ కొవ్వు, పప్పుల ప్రోటీన్ పక్కనే ఉంటాయి. పైగా అన్నం, బ్రెడ్ వాటా దానంతటదే తగ్గుతుంది, అంటే "దేని బదులు" అన్న ప్రశ్నకి జవాబు ప్లేట్‌లోనే ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. అమెరికాలో నర్సుల మీద ఏళ్ల తరబడి చేసిన నర్సెస్ హెల్త్ స్టడీలో, జంతువుల ప్రోటీన్‌లో కొంత భాగం బదులు మొక్కల ప్రోటీన్ తిన్న స్త్రీలలో అండం విడుదల కాకపోవడం వల్ల వచ్చే సంతానలేమి తక్కువగా కనిపించింది. అది గమనించి చెప్పినదే, ప్రయోగం చేసి నిరూపించినది కాదు. అయినా పప్పులు, నట్స్ కలిపి తినడంలో పోయేదేమీ లేదు.

## మీరు ఏ రకం?

పీసీఓఎస్ ఉంది, బరువు కూడా ఎక్కువ. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి, అండం విడుదల మెరుగవుతాయి. పీసీఓఎస్‌కి ఫలానా డైటే గొప్పదని తేలలేదు, 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా అదే చెప్పాయి, కాబట్టి మీకు కుదిరేది పట్టుకోండి. నా ఓటు భోజనంలో పండుకి, పొద్దున పెరుగు గిన్నెకి. నట్స్ రోజుకి ఒక్క గుప్పెడు, తూచి. స్మూతీ, ఖర్జూరం ఉండలు ఎప్పుడో ఒకసారి.

సన్నగా ఉన్నారు, నెలసరి ఆగిపోయింది. ఇప్పటిదాకా చెప్పినదంతా మీకు తిరగేసి చదువుకోవాలి. తిండి చాలకపోయినా, వ్యాయామం మితిమీరినా అండం విడుదల ఆగుతుంది, అలాంటివాళ్లకి కేలరీలే మందు. నట్ బటర్ వేసిన స్మూతీ, ఖర్జూరం ఉండలు, బాదం కేకు, అన్నీ మీ పక్షమే. షుగర్ భయంతో పండ్లు మానేసి ఇంకా చిక్కిపోవద్దు.

డయాబెటిస్ ఉంది, గర్భం ప్లాన్ చేస్తున్నారు. గర్భం రాకముందే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపుకి తేవాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెప్తాయి, 10 దాటితే తగ్గేదాకా ఆగమంటాయి. మీకు పద్ధతి కంటే కొలత ముఖ్యం: ఒక పూటకి పండు నుంచి 15 గ్రాముల పిండిపదార్థం పెట్టుకుని, తిన్న రెండు గంటలకి మీటర్‌తో చూసుకోండి. అదే పండు ఇద్దరిలో ఒకేలా చూపించదు. నట్స్ ఎక్కువున్న భోజనం తర్వాత షుగర్ ఆలస్యంగా పెరగొచ్చు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఇది డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఇంకొకటి, షుగర్ పడిపోయి చెమటలు పడుతుంటే ఈ బాదం, ఖర్జూరం ఉండలు పనికిరావు, కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. ఇంతసేపూ తిట్టిన పండ్ల రసానికి ఇదే సరైన సమయం, అర కప్పు.

వీర్యకణాల రిపోర్టు బాగోలేదు. సంతానం విషయంలో నట్స్‌తో నేరుగా ప్రయోగాలు ఎక్కువగా జరిగింది మగవాళ్ల మీదే. 2012లో 117 మంది యువకుల్లో రోజుకి 75 గ్రాముల వాల్‌నట్స్ 12 వారాలు తిన్నవాళ్లకి వీర్యకణాల చలనం, ఆకారం మెరుగయ్యాయి. 2018లో స్పెయిన్‌లో 119 మందితో చేసిన ట్రయల్‌లో వాల్‌నట్, బాదం, హేజెల్‌నట్ కలిపి 60 గ్రాములు, 14 వారాలు, ఫలితం అదే వైపు. రెండింటిలోనూ పాల్గొన్నది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు. వాళ్లకి పిల్లలు పుట్టారా అన్నది లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి నట్స్ తింటూ డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. 60 గ్రాములంటే సుమారు 370 కేలరీలు, చిప్స్, బిస్కెట్లు, సాయంత్రం తినే ఇంకేదైనా పక్కకి జరగాల్సిందే.

ఇద్దరూ కలిసి తినే ఇంట్లో వంట ఒకటే చేసి కొలతలు వేరు పెట్టుకోవచ్చు. అదే సలాడ్, ఆమెకి వాల్‌నట్స్ గుప్పెడు, ఆయనకి రెండు.

## తిండితో తీరనివి

ఆరెంజ్‌లో, అవకాడోలో, వేరుశనగలో ఫోలేట్ ఉంది, నిజమే. ఒక ఆరెంజ్‌తో వచ్చేది 40 మైక్రోగ్రాముల దగ్గర. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లకి చెప్పేది రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర, గర్భానికి కనీసం నెల ముందు నుంచి. డయాబెటిస్ ఉంటే డాక్టర్లు ఇంకా ఎక్కువ మోతాదు ఇస్తుంటారు, అడగండి. పండ్లు తింటున్నాం కదా అని మాత్ర మానేయకూడదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వాడేవాళ్లకి బి12 తగ్గొచ్చు, పండ్లలో నట్స్‌లో బి12 ఉండదు, ఒకసారి టెస్ట్ చేయించుకోండి.

## కొనేటప్పుడు, వేయించేటప్పుడు

వాల్‌నట్స్ నూనె త్వరగా పాడవుతుంది, బయట డబ్బాలో నెలల తరబడి ఉంచితే పెయింట్ లాంటి వాసన, చేదు వస్తాయి. అలాంటివి బయట పారేయండి, కేకులో దాచేద్దామనుకోకండి. కొద్దికొద్దిగా కొని ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సరి. వేయించాలంటే 150 డిగ్రీల ఓవెన్‌లో పది పన్నెండు నిమిషాలు చాలు, బాదం లోపల నల్లబడేదాకా కాల్చితే ఆక్రిలమైడ్ అనే హానికర రసాయనం పెరుగుతుంది. రాత్రంతా నానబెట్టడం రుచి కోసమైతే నానబెట్టండి, తొక్క మాత్రం తీయకండి, పీచులో కొంత అందులోనే ఉంది. ఉప్పు వేసినవి, తేనె పూత పూసినవి తెచ్చి "నట్స్ తింటున్నాను" అని లెక్క వేసుకోవద్దు, ముఖ్యంగా సగం ప్యాకెట్ ఒక్క కూర్చోడంలో అయిపోయేవి.